ఊరు మారే ముందు బజారుకు దారి అడగండి

(హైదరాబాదు పాతబస్తీలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాదు వదిలి జిల్లా పట్టణానికి తరలిపోవాలా, వద్దా? ఈ ప్రశ్న మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఇది సభల్లో పుట్టిన ప్రశ్న కాదు. మన ఇళ్లలో రాత్రిపూట దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నప్పుడు పుట్టిన ప్రశ్న. అద్దె పెంచుతున్నానని యజమాని కబురు పంపిన రోజున, వానకు వీధి నీరు గడప దాటిన రాత్రి, పిల్లవాడి ఫీజు కోసం కోడలి గాజులు తాకట్టుకు వెళ్లిన ఉదయం ఎవరో ఒకరు ఈ మాట అంటారు. మరొకరు వెంటనే కాదంటారు. అంతటితో ఆ రాత్రికి మాట ఆగిపోతుంది, ప్రశ్న మాత్రం ఆగదు.

నన్ను పిలవడానికి కారణం నా పాండిత్యం కాదు. మా కుటుంబం 2023 జూన్‌లో ఈ నగరం విడిచి నిజామాబాదు వెళ్లింది. వెళ్లి బాగుపడ్డామని చెప్పుకోవడానికి రాలేదు, పొరపాటు చేశామని విలపించడానికీ రాలేదు. మేము వేసుకున్న లెక్కలు, అందులో తప్పినవి, సరిపోయినవి మీ ముందు ఉంచుతాను. నిర్ణయం మీది.

రెండు దిక్కుల ప్రయాణం

నేను బోధన్‌లో పుట్టాను. మా అబ్బాజాన్ అక్కడి నిజాం చక్కెర కర్మాగారంలో కార్మికుడు. 1937లో స్థాపించిన ఆ కర్మాగారం సైరను మోగితేనే మా ఊరికి తెల్లవారేది. నేను తెలుగులో ఎం.ఏ. చేసి జూనియర్ లెక్చరర్‌నయ్యాను. పదేళ్లు నిజామాబాదులో పనిచేశాక 1994లో బదిలీపై హైదరాబాదు వచ్చాను. అప్పుడు మా అబ్బాజాన్ నన్ను ఆపబోయారు. "కర్మాగారం ఉన్నంతకాలం ఈ ఊరికి ఏమీ కాదు బేటా" అన్నారు. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. ఆ రోజు చూడడానికి ఆయన లేరు. కానీ ఆయన మాట నాకు ఒక పాఠం నేర్పింది. చిన్న పట్టణం ఒకటి రెండు స్తంభాల మీద నిలిచిన ఇల్లు. స్తంభం కూలితే ఇల్లంతా ఒరుగుతుంది. మహానగరానికి వేయి స్తంభాలు. ఒకటి విరిగినా మనిషి మరొకదాన్ని పట్టుకోగలడు. పట్టణానికి వెళ్లాలనుకునేవారు ఈ మాట మొదటే గుర్తుంచుకోవాలి.

మన సముదాయం నగరానికి రావడం వెనుక బ్రతుకుతెరువు ఒక్కటే లేదు. 1948 పోలీసు చర్య తరువాత జిల్లాలలో, ముఖ్యంగా మరాఠ్వాడా, బీదర్ ప్రాంతాలలో జరిగిన హింసకు భయపడి ఎన్నో కుటుంబాలు ప్రాణాలు చేతపట్టుకుని ఈ నగరం చేరాయి. ఆ హింసపై పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు ప్రజల కంటపడలేదు. కనుక హైదరాబాదు మనలో చాలామంది పెద్దలకు ఉపాధి స్థలం కావడానికి ముందు శరణాలయం. 1990 డిసెంబరు అల్లర్లు చూసిన తరానికి పాతబస్తీ ఇరుకు గల్లీయే కోటగోడ. "ఇక్కడైతే మనవాళ్లు ఉన్నారు" అనే మాటను తేలికగా తీసిపారేయకండి. దాని వెనుక రక్తం చూసిన జ్ఞాపకం ఉంది.

అంకెలు కూడా ఇదే చెబుతాయి. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం 2001 నాటికి దేశ జనాభాలో 27.8 శాతం పట్టణాల్లో, నగరాల్లో ఉంటే, ముస్లింలలో 35.7 శాతం అక్కడే ఉన్నారు. మనం సగటు భారతీయుడికంటే ఎక్కువ పట్టణవాసులం. స్వయం ఉపాధిపై ఆధారపడేవారు మనలో అధికమని కూడా ఆ నివేదికే చెప్పింది. నెల జీతంవాడు బదిలీ అయితే జీతం వెంట వస్తుంది. సొంత దుకాణంవాడు ఊరు మారితే గిరాకీ వెంట రాదు. ఈ ప్రశ్న మనకు మిగిలినవారికంటే బరువుగా ఉండడానికి కారణం ఇదే.

మూసుకున్న తలుపు

మేము బయలుదేరడానికి కారణమేమిటో చెబుతాను. 2022లో మేము అద్దెకున్న ఇల్లు అమ్ముడుపోయింది. మా అబ్బాయి ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. అతని గిరాకీలో ఎక్కువ భాగం నగరానికి అవతలి వైపు ఉంది. అటువైపే ఇల్లు తీసుకుందామని వెదికాడు. ఒకచోట ఫోనులో అద్దె కుదిరింది, అడ్వాన్సు కూడా మాట్లాడుకున్నారు. చివర పేరు అడిగారు. పేరు చెప్పాడు. కొద్దిసేపు నిశ్శబ్దం. తరువాత, "ఇప్పుడే మా బంధువులకు ఇచ్చేశామండీ" అన్నారు. వారం గడిచినా ఆ ఇంటికి టూలెట్ పలక వేలాడుతూనే ఉంది. మరో రెండు చోట్ల మాంసం పేరు చెప్పారు. ఒక చోట ఏ పేరూ చెప్పలేదు.

మన రాజ్యాంగంలోని 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించి స్థిరపడే హక్కును ప్రతి పౌరునికీ ఇచ్చింది. అయితే ఆ హక్కు ప్రభుత్వం మీద చెల్లినట్లుగా ఇంటి యజమాని గుమ్మం ముందు చెల్లడం లేదు. ఒక మతంవారికే పరిమితమైన సహకార గృహ సంఘం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2005లో తీర్పు ఇచ్చింది. సమాన అవకాశాల కమిషన్ ఏర్పాటు చేయాలని, భిన్న వర్గాలవారు కలిసి నివసించే గృహ సముదాయాలు కట్టే బిల్డర్లకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని సచార్ కమిటీ సూచించింది. ఆ సూచనలు కాగితం మీదే ఉన్నాయి.

దాంతో మళ్లీ పాతబస్తీలోనే రెండు గదులు, 11,000 రూపాయల అద్దె. 2020 అక్టోబరు వరదల్లో అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ ఎలా మునిగాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ భయంతో చవక ఇళ్లవైపు పోలేకపోయాం. మా అబ్బాయి ఉదయం ఎనిమిదికి వెళ్లి రాత్రి పదింటికి వచ్చేవాడు. పిల్లలు నిద్రలోనే తండ్రిని చూసేవారు. ఒక రాత్రి అతను, "అబ్బా, నిజామాబాదు వెళ్లిపోదాం" అన్నాడు.

దస్తర్‌ఖాన్ చుట్టూ

ఇంట్లో నలుగురికి నాలుగు అభిప్రాయాలు. నా భార్య, "నా అక్కచెల్లెళ్లందరూ ఇక్కడే ఉన్నారు, నేను రాను" అంది. ఎనిమిదో తరగతి చదివే మనవడు తన స్నేహితులను వదిలి రానన్నాడు. నేను మాత్రం పుట్టిన జిల్లా అనగానే లోలోపల సంతోషించాను. ఆ సంతోషాన్ని ఇప్పుడు నేను అనుమానంతో చూస్తాను. వృద్ధుల జ్ఞాపకాలతో పిల్లల భవిష్యత్తును నిర్ణయించకూడదు. అసలు ప్రశ్న అడిగింది మా కోడలు. ఆమె ఇంట్లోనే మగ్గం పని చేస్తుంది. "అబ్బాజాన్, అక్కడ మగ్గం పనికి కూలి ఎంత? పని ఇచ్చేవారు ఎందరు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు మదీనా గుర్తుకు వచ్చింది. మక్కా నుండి అన్నీ వదిలి వచ్చిన ముహాజిర్లకు, మదీనా అన్సార్లకు మధ్య దైవప్రవక్త (సఅసం) సోదర బంధం ఏర్పరచారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గారికి సఅద్ బిన్ రబీ (రజి) గారు సోదరుడయ్యారు. సఅద్ తన ఆస్తిలో సగం ఇవ్వబోయారు. అబ్దుర్రహ్మాన్ ఆయనకు శుభం కోరి, బజారుకు దారి చూపమని అడిగారు. ఆ బజారులో వెన్న, ఎండబెట్టిన పెరుగు అమ్మి తన కాళ్లపై నిలబడ్డారు. ఈ సంఘటన మనం ఎన్నో బయానుల్లో విన్నాం. అయితే అన్సార్ల ఔదార్యం దగ్గరే ఆగిపోతాం. ముహాజిర్ వేసిన మొదటి ప్రశ్నను గమనించం. నాకు ఇల్లు ఎక్కడ అని ఆయన అడగలేదు, బజారు ఎక్కడ అని అడిగారు. మా కోడలు అడిగింది సరిగ్గా అదే.

కనుక మేము ముందు ఇల్లు వెదకలేదు. మా అబ్బాయి 2023 ఫిబ్రవరి, మార్చి నెలల్లో నిజామాబాదులో బంధువుల ఇంట ఉండి ఒక పాత మెకానిక్ దగ్గర కూలికి పనిచేశాడు. ఆ రెండు నెలలు మాకు రెండేళ్ల అనుభవాన్ని ఇచ్చాయి. అక్కడ ఏసీల పని తక్కువ. కిరాణా దుకాణాల ఫ్రిజ్‌లు, పాల కేంద్రాల చల్లటి పెట్టెలు, హోటళ్ల వాటర్ కూలర్లు ఎక్కువ. నగరంలో పని కాగానే ఫోనులో డబ్బు పడుతుంది. అక్కడ "పసుపు అమ్ముడుపోయాక ఇస్తాను సాబ్" అంటారు. ఇస్తారు కూడా, కానీ పసుపు అమ్ముడుపోయాకే. చేతిలో నాలుగైదు నెలల పెట్టుబడి లేనివాడు ఆ ఉద్దెర కింద నలిగిపోతాడు. ఈ సంగతి ఏ బంధువూ మాకు ముందు చెప్పలేదు. వారికి అది చెప్పవలసిన విషయంగా తోచలేదు.

మా లెక్క

ఇప్పుడు దాచకుండా లెక్క చెబుతాను. హైదరాబాదులో మా అబ్బాయికి నెలకు సగటున 32,000 వచ్చేది. నిజామాబాదులో మొదటి ఏడు 21,000, రెండో ఏడు 27,000. కోడలి మగ్గం పనిమీద ఇక్కడ 9,000 వచ్చేది. మొదటి ఏడు 3,000కు పడిపోయింది. తరువాత ఆమె ఇక్కడి పాత బొటిక్‌ల నుండి బట్టలు బస్సు పార్శిలులో తెప్పించుకుని పని చేసి పంపడం మొదలుపెట్టింది. ఇద్దరు అమ్మాయిలకు పని నేర్పి తోడు పెట్టుకుంది. ఇప్పుడు 7,000 వస్తున్నాయి. మిగిలిందేమిటి? అద్దెలో 5,500, ఫీజుల్లో 2,000, పెట్రోలులో 2,500, మొత్తం 10,000.

అంటే మొదటి ఏడు రాబడి నెలకు 17,000 తగ్గింది, ఖర్చు 10,000 తగ్గింది. నెలకు 7,000 లోటు. నా పింఛను లేకపోతే ఆ ఏడాది గడిచేది కాదు. రెండో ఏడు రాబడి 7,000 తగ్గింది, ఖర్చు 10,000 తగ్గింది, 3,000 మిగిలాయి. ఆ 3,000 మనవడి ఖర్చుకు హైదరాబాదు పంపుతున్నాం. ఆ సంగతి తరువాత చెబుతాను. లెక్క సరిగ్గా సున్నాకు వచ్చింది.

కనుక సోదరులారా, డబ్బు మిగులుతుందని మాత్రమే వెళ్లాలనుకునేవారు ఈ సున్నాను ఒకసారి చూడండి. మాకు మిగిలింది డబ్బు కాదు, కాలం. మా అబ్బాయి ఇప్పుడు మధ్యాహ్నం ఇంట్లో భోజనం చేస్తాడు. మగ్రిబ్ వేళకు ఇంట్లో ఉంటాడు. కూతురికి ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటాడు. దీనికి ఎంత విలువ కట్టాలో ఏ ఇంటివారు ఆ ఇంట్లో నిర్ణయించుకోవాలి.

పిల్లల స్థానికత

ఇక్కడ ఉన్న తల్లిదండ్రులు అన్నిటికంటే శ్రద్ధగా వినవలసినది ఈ విషయం. ఊరు మారేటప్పుడు మనం టీసీ తీసుకోవడం గురించి ఆలోచిస్తాం గానీ స్థానికత గురించి ఆలోచించం. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నేరుగా భర్తీ చేసే ప్రభుత్వ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. స్థానికుడు ఎవరు? 1 నుండి 7 తరగతుల మధ్య కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడివాడు. మా మనవరాలు మూడో తరగతి ముగించి నిజామాబాదు వచ్చింది. 4 నుండి 7 వరకు అక్కడ చదివితే ఆమె నిజామాబాదు జిల్లాకు, బాసర జోన్‌కు స్థానికురాలు అవుతుంది. ఒక్క ఏడాది ఆలస్యంగా వెళ్లి ఉంటే నాలుగేళ్లు హైదరాబాదులోనే పూర్తయ్యేవి, చార్మినార్ జోన్‌కు స్థానికురాలు అయ్యేది. ఏది మంచిదో చెప్పడం నా ఉద్దేశం కాదు. అలాంటి నిర్ణయం మనకు తెలియకుండానే జరిగిపోకూడదన్నదే నా మనవి.

రాష్ట్రం దాటితే సంగతి ఇంకా గంభీరం. హైదరాబాదు నుండి కర్నూలుకు వెళ్లడం మనకు పక్క ఊరికి వెళ్లినట్లే అనిపిస్తుంది. తుంగభద్ర దాటితే చాలు. అక్కడ 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు స్థాపించిన ఉస్మానియా కళాశాల ఉంది, ఆయన పేరిట ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది, ఉర్దూ మాట వినిపించే వీధులు ఉన్నాయి. కానీ నది దాటితే రాష్ట్రం మారుతుంది. 9 నుండి 12 వరకు తెలంగాణలో చదివినవారికే వైద్యవిద్య ప్రవేశాల్లో స్థానికత అని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిబంధన తెచ్చింది. 2025లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. తొమ్మిదో తరగతి పిల్లవాడిని ఈ వైపు నుండి ఆ వైపుకు తీసుకుపోయే తండ్రి, తాను సామాను మాత్రమే తరలిస్తున్నానని అనుకోకూడదు.

ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. చిన్న ప్రైవేటు పాఠశాలలు మూతపడతాయి, రిజిస్టర్లు దొరకవు. పదేళ్ల తరువాత ఉద్యోగ దరఖాస్తు వేసేటప్పుడు ఆ పాఠశాల ఉన్న చోట ఫంక్షన్ హాలు ఉంటుంది. బీసీ-ఇ ధ్రువపత్రం, ఆదాయ పత్రం కూడా వెంట ఉండాలి. 4 శాతం రిజర్వేషన్ కోసం మన పెద్దలు 2004 నుండి కోర్టుల చుట్టూ తిరిగారు. ఒక కాగితం లేక దానిని మన పిల్లలు పోగొట్టుకోకూడదు.

చదువు విషయంలో పట్టణం అంటే వెనుకబాటు అని భయపడేవారికి ఒక మాట. 2016 నుండి రాష్ట్రంలో మైనారిటీ గురుకులాలు రెండు వందలకు పైగా ఏర్పడ్డాయి. ఆడపిల్లలకు వేరుగా ఉన్నాయి. ఐదో తరగతి నుండి ప్రవేశం ఉంటుంది. నిజామాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. మా కాలపు నిజామాబాదు కాదు అది. అయితే ప్రవేశ పరీక్షల శిక్షణ కోరుకునే పిల్లలకు హైదరాబాదులో ఉన్నన్ని అవకాశాలు అక్కడ లేవన్నదీ నిజమే.

వైద్యం, భద్రత

నా భార్యకు గుండె శస్త్రచికిత్స జరిగింది. మూడు నెలలకు ఒకసారి హైదరాబాదు వైద్యునికి చూపించాలి. దూరం సుమారు 175 కిలోమీటర్లు. 2023 డిసెంబరు నుండి ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. అందువల్ల ఆ ప్రయాణానికి మాకు ఒక టిక్కెట్టు ఖర్చే. ఆమె ఆ సాకుతో అక్కచెల్లెళ్లను చూసి వస్తుంది. కానీ అదే వారానికి మూడుసార్లు వెళ్లవలసిన చికిత్స అయితే నేను ఈ నిర్ణయం తీసుకునేవాడిని కాదు. మీ ఇంట్లో రోగి ఉంటే, ఆ రోగం పేరు వైద్యునికి చెప్పి, అది ఏ పట్టణంలో, ఏ ఆసుపత్రిలో, వారానికి ఎన్ని రోజులు చూస్తారో తెలుసుకున్న తరువాతే ఇల్లు కదపండి.

ఇక భద్రత. ఇది మనం బహిరంగంగా మాట్లాడని ప్రశ్న, కానీ అందరి మనసుల్లో ముందున్న ప్రశ్న. నగరంలో మన భద్రత సంఖ్యలో ఉందని అనుకుంటాం. పట్టణంలో ఆ సంఖ్య ఉండదు, పరిచయం ఉంటుంది. నిజామాబాదులో కూడా మొదట చూసిన ఇంటివారు మమ్మల్ని కాదన్నారు. రెండో ఇంటి యజమాని నా పాత విద్యార్థి. బోధన్ రోడ్డు దగ్గర 5,500కు ఇల్లు ఇచ్చాడు. అంటే పట్టణం మంచిది, నగరం చెడ్డది అన్నది కాదు సత్యం. నాకు అక్కడ పదేళ్ల ఉపాధ్యాయ జీవితం ఉంది, అది తలుపు తెరిచింది. ఆ పరిచయం లేనివారు అదే తలుపు తెరుచుకుంటుందని ఆశించకూడదు.

ఒక ఊరేగింపు రోజున గొడవ జరిగిందని ఫోన్లలో వార్త వచ్చింది. నగరంలో అయితే మేము తలుపులు మూసుకుని పుకార్లు వింటూ కూర్చునేవాళ్లం. అక్కడ మా ఎదురింటి కిరాణా దుకాణదారు వచ్చి, "పదండి భాయ్, చూసి వద్దాం" అని మా అబ్బాయిని పిలిచాడు. ఇద్దరూ కూడలిదాకా వెళ్లారు. అక్కడ ఏమీ లేదు. ఇద్దరూ ఆ మాటే వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ రోజు నా కోడలు సాయంత్రం దీపాలు ఆర్పలేదు. దీనిని నేను పెద్ద గాథగా చెప్పదలచుకోలేదు. పట్టణంలో సంబంధాలు చెడితే దాక్కోవడానికి చోటు కూడా ఉండదని నాకు తెలుసు. అందరికీ మనం తెలుసు అన్నది రక్షణా అవుతుంది, ప్రమాదమూ అవుతుంది. అది ఏది కావాలన్నది కొంత మన చేతిలో ఉంది, కొంత మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్న భాగం మొదటి నెలలోనే మొదలవుతుంది. మస్జిదులో ముఖపరిచయం, ఇరుగుపొరుగు పెళ్లిలో హాజరు, చావులో భుజం.

పట్టణానికి వెళ్లినవారు మళ్లీ అక్కడి ఇరుకు బస్తీలోనే చేరితే, పాతబస్తీ మురికికాలువను విడిచి మరో మురికికాలువ పక్కకు వెళ్లినట్లే అవుతుంది. ఈ మాట కఠినంగా ఉంటే మన్నించండి.

ఓటు, కాగితాలు

ఊరు మారిన మొదటి నెలలోనే ఫారం 8 నింపి ఓటును కొత్త చిరునామాకు మార్చుకోండి. 2025లో బీహారులో ఓటరు జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ జరిగినప్పుడు, ఊరు విడిచి వెళ్లినవారి పేర్లు తొలగించడం ఎంత పెద్ద వివాదమయిందో పత్రికల్లో చదివాం. పాత ఇంట్లో కనిపించక, కొత్త ఇంట్లో నమోదు కాక రెండు చోట్లా లేకుండాపోయే పౌరుడు మనవాడు కాకూడదు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు, గ్యాసు చిరునామాలు ఒకే అక్షరాలతో ఉండాలి. ఒక కాగితంలో షేక్, మరో కాగితంలో షైక్ అని ఉంటే ఊరు మారేటప్పుడే సరిచేయించుకోండి. అక్షరం తేడాను మనం చిన్నదనుకుంటాం, కార్యాలయం అనుకోదు.

పోగొట్టుకున్నది

మా మనవడి సంగతి చెబుతానన్నాను. అతను తొమ్మిదో తరగతికి మాతో రాలేదు. ఖాలా ఇంట్లో ఉండి పదో తరగతి ఇక్కడే ముగించాడు. ఇంటర్‌కు వస్తాడని ఎదురుచూశాం. రాలేదు. "దాదా, నాకు ఇక్కడే బాగుంది" అన్నాడు. ఇప్పుడు సెలవులకు, పండుగలకు వస్తాడు. వచ్చినప్పుడు వాళ్ల అమ్మ అతని పళ్లెంలో ఇంకొంచెం వడ్డించబోతే, అతిథిలాగా "చాలు, చాలు" అంటాడు. తండ్రి కూతురికి దగ్గరయ్యాడు, కొడుకుకు దూరమయ్యాడు. ఇది మా లెక్కలో ఏ అంకెలోనూ లేదు. మూడేళ్లు ముందుగా, అతను ఆరో తరగతిలో ఉన్నప్పుడు వెళ్లి ఉంటే వచ్చేవాడేమో. లేక ఇంకా రెండేళ్లు ఆగి ఉంటే అందరం కలిసి ఉండేవాళ్లమేమో. ఈ రెండు ప్రశ్నలూ నా భార్య నన్ను అప్పుడప్పుడు అడుగుతూ ఉంటుంది. నేను జవాబు చెప్పను.

అందుకే నా సలహా ఇది. ఒకటి, నిర్ణయానికి ముందు ఇంట్లో పిల్లలతో సహా అందరినీ అడగండి. ముఖ్యంగా ఇంట్లో కూర్చుని సంపాదించే ఆడవారిని అడగండి. వారి సంపాదన లెక్కలోకి రాదని మగవారు అనుకుంటారు, అది పోయిన నెలలో తెలుస్తుంది. రెండు, సంపాదించేవారు ముందు రెండు నెలలు వెళ్లి పనిచేసి చూడాలి. మూడు, ఇక్కడ సొంత ఇల్లు ఉంటే అమ్మకండి, అద్దెకు ఇచ్చి వెళ్లండి. ఈ నగరంలో అమ్మిన ఇంటిని మళ్లీ కొనలేం. నాలుగు, ఏడాది లోటును భరించే సొమ్ము చేతిలో లేకుండా కదలకండి. ఐదు, కేవలం భయంతో వెళ్లకండి, కేవలం భయంతో ఉండిపోకండి. భయం మనతోపాటే బండెక్కుతుంది, మనతోపాటే ఇంట్లో మిగులుతుంది.

కార్యకర్తలకు కూడా ఒక మనవి. వెళ్లేవారిని పారిపోయినవారుగా చూడకండి. ఉండేవారిని మూర్ఖులుగా చూడకండి. పౌరుడు తన ఇష్టంతో ఊరు మారడం హక్కు. ఇల్లు దొరకక, నీరు గడప దాటి, పేరు చెప్పగానే తలుపు మూసుకుని ఊరు మారవలసి వస్తే అది ఇష్టం కాదు. మన పోరాటం ఈ తేడా కోసం జరగాలి. నగరంలో ఏ వీధిలోనైనా అద్దెకు ఇల్లు దొరకాలి. పట్టణంలో మనవారి బస్తీకి కాలువ, బడి, బస్సు రావాలి. ఆ రోజున ఉండాలా, వెళ్లాలా అనే ప్రశ్న ఇంత బరువుగా ఉండదు. మిగిలిన ఇళ్లలో లాగానే అదీ దస్తర్‌ఖాన్ మీద తేలిపోయే చిన్న మాట అవుతుంది.

ప్రతి జిల్లా పట్టణంలో నలుగురు పెద్దలు కలిసి, కొత్తగా వచ్చిన కుటుంబానికి మొదటి నెలలో బజారు, బడి, ఆసుపత్రి, కార్యాలయం చూపించే ఏర్పాటు చేస్తే చాలు. అన్సార్లు కావడానికి సగం ఆస్తి ఇవ్వనక్కరలేదు. దారి అడిగినవారికి దారి చూపితే చాలు. నిజామాబాదులో ఆ పని చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీలో ఎవరైనా వచ్చేవారుంటే, ఇల్లు ఖాళీ చేయక ముందే ఒకసారి రండి. మా అబ్బాయి మిమ్మల్ని బజారంతా తిప్పుతాడు. ఉద్దెర ఎవరు తీరుస్తారో, ఎవరు తీర్చరో అతనికి ఇప్పుడు బాగా తెలుసు.

 అల్లాహ్ మన ఇళ్లకు, మనం ఎక్కడ ఉన్నా, శాంతిని ప్రసాదించుగాక. ఆమీన్. అస్సలాము అలైకుమ్.